నాశన సహాయకురాలు

మా కార్యాలయం తెరిచిన నాటి నుంచి ఔషధ గంజాయి వల్ల ఈ జిల్లాలో ఒక్క రోగికి కూడా హాని జరగలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ప్రతి నెలా ఐదో తేదీన రాజధానికి పంపే నివేదికలో మొదటి వాక్యం ఇదే. దాన్ని టైపు చేసేవాణ్ణి నేనే. ఇంతవరకు ఏ రోగికీ మందు ఇవ్వలేదన్నది అదే నివేదికలో రెండో వాక్యం. ఈ రెండు వాక్యాలకీ ఏమైనా సంబంధం ఉందా అని రాజధాని నుంచి ఎవరూ అడగలేదు. మా సంచాలకులు చక్రధరం గారు మొదటి వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాయించి, ఫ్రేము కట్టించి, తన కుర్చీ వెనక గోడకు తగిలించారు.

చట్టం మంచిదే. కేన్సరు మందుల వల్ల వాంతులతో, నొప్పులతో తిండి మానేసిన రోగులకు గంజాయి నుంచి తీసిన తైలం వైద్యుల సలహాపై ఇవ్వవచ్చని ప్రభుత్వం ఒక పేజీలో చెప్పింది. ఆ తైలం నుంచి రోగులను కాపాడడానికి రాసిన నిబంధనలు రెండు వందల పన్నెండు పేజీలు వచ్చాయి. వాటిని అమలు చేయడానికే రోగి సంరక్షణ సంస్థ పుట్టింది. మూతపడిన జనపనార మిల్లు అతిథి గృహంలో మాకు మూడు గదులు ఇచ్చారు. గేటు దగ్గర నలుగురు తుపాకుల వాళ్ళు, లోపలి గదిలో రెండు తాళాల ఫ్రిజ్. ఫ్రిజ్ ఖాళీగా ఉండేది. అయినా రోజుకు మూడుసార్లు దాని ఉష్ణోగ్రత రాసి నేను సంతకం పెట్టేవాణ్ణి.

చక్రధరం గారు చెడ్డ మనిషి కారు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగరు. ముప్పై ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో పని చేసి, కాటా కింద అయస్కాంతం పెట్టిన వర్తకులని, లీటరు డబ్బాకు అడుగున సొట్ట కొట్టించిన పాలవాళ్ళని చూసి చూసి, మనిషి చేతికి ఏ వస్తువు వచ్చినా అందులో ఏదో మోసం ఉంటుందని ఆయన ఖాయం చేసుకున్నారు. రోగుల మీద ఆయనకు నిజంగానే జాలి. వాళ్ళను ఎవరూ మోసం చేయకూడదని ఆయన పట్టుదల.

మా దగ్గరకు దరఖాస్తుతో వచ్చిన మొదటి మనిషి పేరు కూర్మారావు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య దాలమ్మ బస్ కాంప్లెక్స్ ఎదుట ఇరవై రెండేళ్ళు టిఫిన్ బండి నడిపింది. ఊళ్ళో ఆమె పెసరట్టు తినని గుమాస్తా లేడు. నేనూ తిన్నాను. అలాంటి మనిషికి ఇప్పుడు పోపు వాసన తగిలితే కడుపులో తిప్పేస్తోంది. నాలుగో కీమో తరవాత గంజి కూడా నిలవడం లేదు. పెద్దాసుపత్రిలో కేన్సరు వార్డు చూసే డాక్టర్ మెహరున్నీసా తైలం రాసి, ఆ చీటీతో కూర్మారావుని మా దగ్గరకు పంపింది. చీటీ కింద, వీలైనంత త్వరగా అని రాసి రెండు గీతలు గీసింది.

దరఖాస్తుకు జతపరచవలసినవి పదిహేడు ఉన్నాయని చెప్పాను. పెద్దాయన ముఖంలో ఏ మార్పూ లేదు.

"యాభై మంది పట్టే బస్సులో నూటపది మందికి టికెట్లు కొట్టినోణ్ణి బాబూ. కాయితాలకి బయపడను. ఏటేటి కావాలో వరసగా సెప్పండి" అన్నాడు.

వరసగా చెప్పాను. రోగికి మత్తు అలవాటు లేదని పోలీసు స్టేషను నుంచి ధ్రువపత్రం. చుట్టుపక్కల వంద మీటర్లలో ఉన్న ప్రతి ఇంటి నుంచీ అభ్యంతరం లేదన్న సంతకం. ఇంట్లో పెంపుడు జంతువులుంటే వాటి వివరం. రోగి బాధ నిజమైనదేనని, దాన్ని స్వయంగా చూశామని ఒక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ. ఇక్కడ మెహరున్నీసా సంతకం పనికిరాదు. మందు రాసిన వైద్యురాలే బాధను ధ్రువీకరిస్తే అది పక్షపాతం అవుతుందని నలభయ్యో పేజీలో ఉంది.

పదకొండు రోజుల్లో ఆయన పదహారు పత్రాలు తెచ్చాడు. పదిహేడోది దొరకలేదు. వాంతులు చూడడానికి ఇంటికి రమ్మంటే తహసీల్దారు ఎన్నికల పనిలో ఉన్నాడు, కాలేజీ ప్రిన్సిపాలు రేపు అన్నాడు. చివరికి కూర్మారావు వీధిలోనే ఉంటున్న పశువైద్యాధికారి ఒప్పుకున్నాడు. ఆయన మంచం పక్కన గంటసేపు కూర్చుని చూసి, తన శాఖ ముద్రతో, తనకు అలవాటైన మాటల్లోనే రాసిచ్చాడు. "నెమరు లేదు. నలభై రోజులుగా మేత సరిగా తీసుకోవడం లేదు. నీళ్ళు కూడా నిలవడం లేదు. పరిస్థితి జాలి గొలిపేదిగా ఉన్నది."

చక్రధరం గారు పదిహేడు పత్రాలూ చదివి, ఈ ఒక్కటే తేటగా రాశారని మెచ్చుకున్నారు. దరఖాస్తు మంజూరైంది. ఆ రోజు మా కార్యాలయంలో స్వీట్లు పంచారు.

మూడు వారాల తరవాత పోలీసు జీపు ముందు, ఇంకో జీపు వెనక రాగా, మధ్య వ్యానులో దాలమ్మ గారి సీసా వచ్చింది. పది మిల్లీలీటర్లు. నా చిటికెన వేలంత ఉంది. నిబంధనల ప్రకారం మందు రోగికి ఇచ్చే ముందు పరీక్షించాలి. ఒక్కో పరీక్షకు సీసాలో ఐదో వంతు నమూనాగా తీయాలి. ఒక్క ప్రయోగశాలనే నమ్మడం పొరపాటని ఐదు ప్రయోగశాలలు నిర్ణయించారు. రాష్ట్రానిది ఒకటి, కేంద్రానిది ఒకటి, విశ్వవిద్యాలయానిది ఒకటి, పోలీసులది ఒకటి. ఎంతైనా మొక్క నుంచి వచ్చింది కాబట్టి వ్యవసాయ శాఖది ఒకటి.

చక్రధరం గారు చేతికి తొడుగులు వేసుకుని, సన్న గొట్టంతో రెండేసి మిల్లీలీటర్లు తీసి ఐదు చిన్న సీసాల్లో పోశారు. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. ఐదోది పోశాక పెద్ద సీసా ఎత్తి వెలుతురులో చూశారు.

అందులో ఏమీ మిగల్లేదని నేను మెల్లగా గుర్తు చేశాను. అవునని ఆయనా ఒప్పుకున్నారు. మరి రోగికి ఏమిస్తాం అని అడిగాను.

"నమూనాలు పోగా మిగిలినది రోగికి అందజేయవలెను అని ఉంది, ముకుందం గారూ. మిగిలినది సున్నా అయితే సున్నాను అందజేస్తాం. పరీక్షించని మందు మాత్రం ఒక్క చుక్క కూడా నా సంతకంతో బయటికి పోదు. రోగి భద్రతే మన పరమావధి."

ఆ మధ్యాహ్నం మెహరున్నీసా ఫోను చేస్తే విషయం చెప్పక తప్పలేదు. ఈసారి పెద్ద సీసా తెప్పించండి, వంద మిల్లీలీటర్లది, అంది. నేను సంచాలకుల గారిని అడిగి వచ్చి జవాబు చెప్పాను. నమూనా అంటే ఇన్ని మిల్లీలీటర్లని లేదు, సీసాలో ఐదో వంతు అని ఉంది, సీసా ఎంత పెద్దదైనా ఐదు ఐదో వంతులే అని చెప్పాను. పోనీ నాలుగు ప్రయోగశాలలు చాలవా అంది. దేన్ని తీసేసినా ఆ శాఖ నొచ్చుకుంటుందని చెప్పాను. ఆవిడ ఫోను పెట్టేసింది.

నెల తిరిగేసరికి ఐదు నివేదికలూ వచ్చాయి. తైలం స్వచ్ఛమైనది, కల్తీ లేదు, మనుషులకు ఏ హానీ చేయదు అని ఐదూ ఒకే మాట అన్నాయి. ఇన్ని శాఖలు ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం తన సర్వీసులో చూడలేదని చక్రధరం గారి కళ్ళు చెమర్చాయి. రాష్ట్రంలో పరీక్ష నెగ్గిన మొదటి సీసా అది. మంత్రిగారి చేతుల మీదుగానే ఇవ్వాలని నిర్ణయించారు.

సభ మిల్లు ఆవరణలో జరిగింది. షామియానా వేశారు. దాలమ్మని కూర్మారావు ఆటోలో తీసుకొచ్చి, చెయ్యి పట్టుకుని నడిపించి ముందు వరసలో కూర్చోబెట్టాడు. బండి దగ్గర నాలుగు పెనాల మీద ఒకేసారి అట్లు తిప్పిన మనిషి, చీర కుచ్చెళ్ళ మధ్య కనిపించీ కనిపించనంత చిక్కిపోయి కుర్చీలో కూర్చుంది. నేను వెళ్ళి నమస్కారం పెట్టాను. గుర్తుపట్టింది. టిఫిన్ చేసే వచ్చారా బాబూ అని అడిగింది. చేశానని చెప్పలేక, ఇంకా లేదని అబద్ధమాడాను.

మంత్రిగారు రోగి సంరక్షణ గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. ఐదు ప్రయోగశాలల పేర్లూ చదివారు. తరవాత వెల్వెట్ పెట్టెలో, ఐదు లక్క ముద్రలతో ఉన్న సీసాని దాలమ్మ చేతిలో పెట్టారు. ఫోటోలు తీశారు. ఆమె సీసాని ఊపి చూసింది. చెవి దగ్గర పెట్టుకుంది.

"సీసా బాగున్నాది బాబూ. ఇందల మందేదీ?" అని అడిగింది.

మంత్రిగారు చక్రధరం గారి వైపు చూశారు. ఆయన ముందుకు వచ్చి ఎంతో వినయంగా, మందు మొత్తాన్ని ఐదు చోట్ల పరీక్షించారమ్మా అని చెప్పారు.

"మరి ఆళ్ళకి తగ్గినాదా?" అంది దాలమ్మ.

ఎగతాళిగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. బ్యాండు వాళ్ళు తమ వంతు వచ్చిందనుకుని వాయించడం మొదలుపెట్టారు.

మర్నాడు కూర్మారావు ఆఫీసుకి వచ్చాడు. గొడవ చేస్తాడేమోనని తుపాకుల వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన నా బల్ల ముందు కూర్చుని నిబంధనల పుస్తకం ఒకసారి చూడనివ్వమన్నాడు. బయటికి ఇవ్వకూడదని చెబితే ఇక్కడే చదువుకుంటానన్నాడు. ముప్పై ఏళ్ళు డిపోలో సర్క్యులర్లు చదివిన మనిషి. వేలికి తడి చేసుకుంటూ, పెదవులు కదుపుతూ నాలుగు రోజులు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా చదివాడు. మధ్యలో రెండుసార్లు ఇంటికి వెళ్ళి ఆమెకు నోరు తడిపి వచ్చేవాడు.

అప్పటికే మాకు వేరే కష్టం వచ్చిపడి ఉంది. పరీక్షకు ఒక్కో ప్రయోగశాలకు ఒక్క చుక్క చాలు. మిగిలిన తైలం ఐదు చిన్న సీసాల్లో, ముద్రలతో, భద్రంగా తిరిగి వచ్చింది. దాన్ని ముప్పై రోజుల్లో నాశనం చేయడం మొదలుపెట్టాలని నూట తొంభయ్యో పేజీ చెబుతోంది. ఎలా అన్నది చక్రధరం గారికి తోచలేదు. నేలలో పాతితే నేల పాడవుతుంది. కాలువలో పోస్తే చేపలకు మత్తెక్కుతుందని మత్స్య శాఖ ఉత్తరం రాసింది. కాలిస్తే పొగ గోడ దాటుతుంది, పక్కనే ఆడపిల్లల హాస్టలు. నేల, నీరు, గాలి చెడకుండా, తిరిగి సేకరించడానికి వీలు లేకుండా అని నిబంధన. కమిటీ మూడుసార్లు కూర్చుంది. మూడోసారి సమోసాలు తిని లేచింది. చక్రధరం గారికి నిద్ర పట్టడం లేదని డ్రైవరు చెప్పాడు.

నాలుగో రోజు సాయంత్రం కూర్మారావు పుస్తకం మూసి, నూట తొంభయ్యో పేజీ దగ్గర పెట్టిన బస్ టికెట్టు ముక్క తీసుకున్నాడు.

"మందు ఇవ్వడానికి రెండొందల పేజీల అడ్డాలున్నాయి బాబూ. నాశనం సెయ్యడానికి ఒక్క పేరాయే. ఎవురు సెయ్యాలో లేదు, ఎక్కడో లేదు. మనిసి ఒంట్లోకి ఎల్తే నేల పాడవదు, నీరు పాడవదు. సూసుకోండి" అన్నాడు.

చూశాను. ఆయన అన్నది అక్షరాలా నిజం. నేను ఇరవై మూడేళ్ళ సర్వీసులో ఏ కాగితం మీదా సొంత బుర్ర వాడలేదు. ఆ సాయంత్రం తలుపు వేసుకుని రెండు పేజీల నోట్ తయారు చేశాను. విషయం: మిగులు తైలమును మానవ దేహ మార్గమున నాశనము చేయుట గురించి. రోజుకు రెండు చుక్కలు చొప్పున నాలుక కింద వేసినచో తైలము నిశ్శేషంగా నశించునని, తిరిగి సేకరించుట అసాధ్యమని, నేల నీరు గాలి కలుషితం కావని రాశాను. ఈ పనికి శ్రీమతి దాలమ్మ జీతభత్యములు కోరక ముందుకు వచ్చారని రాసి, ఆమెను నాశన సహాయకురాలిగా నియమించవచ్చునని ముగించాను.

చక్రధరం గారు నోట్‌ని రెండుసార్లు చదివారు. ఆమె మన రోగి కదా అన్నారు. రోగిగా ఆమె ఫైలు సభ రోజునే మూసేశామని, సీసా ముట్టినట్టు ఆమె వేలిముద్ర కూడా ఉందని చెప్పాను. ఆ మనిషికి ఏమైనా హాని జరిగితే అన్నారు. హాని చేయదని ఐదు ప్రయోగశాలలు రాసిచ్చాయని గుర్తు చేశాను. ఆయన తన గోడ మీది ఫ్రేము వైపు, బల్ల మీది ఐదు నివేదికల వైపు చాలాసేపు చూశారు. రోజుకు రెండే చుక్కలంటే ఆలస్యం కాదా అన్నారు. తొందరపడితే కొలత తప్పుతుందన్నాను. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. సంతకం పెట్టి, కొలత కోసం తన సొంత గాజు గొట్టం ఇచ్చారు.

ఆ రోజు నేనే స్వయంగా ఐదు సీసాలూ తీసుకుని కూర్మారావు ఇంటికి వెళ్ళాను. మెహరున్నీసా అప్పటికే వచ్చి కూర్చుంది. మొదటి రెండు చుక్కలు ఆవిడే వేసింది. మూడో రోజుకి దాలమ్మ మజ్జిగ తాగింది, నిలిచింది. ఆరో రోజున ఇడ్లీ సగం తిని, పిండి సరిగా పులవలేదని వంక పెట్టింది. వంట చేసిన కూర్మారావు ఆ సంగతి నాకు చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. జబ్బు పోలేదు. ఆ మాట మెహరున్నీసా మొదటే చెప్పింది. కాని ఆమె రాత్రి పడుకుంటోంది, ఉదయం ఆకలేస్తోందని లేస్తోంది. వాయిదా పడుతూ వచ్చిన అయిదో కీమో తట్టుకుంది.

వార్డులో మిగతా రోగులకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. మెహరున్నీసా ఒక్కొక్కరినీ పంపేది. దరఖాస్తు, సీసా, ఐదు నమూనాలు, ఖాళీ సీసా ప్రదానం, ఇవన్నీ నిబంధనల ప్రకారం జరిగిపోయేవి. తిరిగి వచ్చిన తైలాన్ని వాళ్ళ వాళ్ళ నాలుకల కిందే నాశనం చేయించేవాళ్ళం. తైలం అయిపోయినవాళ్ళు, దాలమ్మతో సహా, మళ్ళీ కొత్త దరఖాస్తు పెట్టేవాళ్ళు. బాధ చూసి సంతకం పెట్టడానికి పశువైద్యాధికారి మంగళవారాలు కేటాయించాడు. ఏడాది తిరిగేసరికి జిల్లాలో నాశన సహాయకులు అరవై ముగ్గురయ్యారు. నివేదికలో మొదటి వాక్యం మారలేదు, రెండో వాక్యమూ మారలేదు. మూడో వాక్యం కొత్తగా చేరింది. మిగులు తైలాన్ని నూటికి నూరు పాళ్ళు నాశనం చేసిన ఏకైక జిల్లా మాదేనని రాజధాని నుంచి ప్రశంసా పత్రం వచ్చింది. పక్క జిల్లాల్లో ఫ్రిజ్‌లు నిండిపోయి, మీరేం చేస్తున్నారని ఫోన్లు చేశారు. నోట్ ప్రతి పంపించాను.

ప్రశంసా పత్రం వచ్చాక, క్షేత్రస్థాయిలో నాశనం ఎలా జరుగుతోందో స్వయంగా చూస్తానన్నారు చక్రధరం గారు. వద్దనడానికి కారణం దొరకలేదు. ఒక ఆదివారం ఉదయం జీపులో కూర్మారావు ఇంటికి వెళ్ళాం.

దాలమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని, కాళ్ళ ముందు రుబ్బురోలు పెట్టుకుని పచ్చడి నూరుతోంది. తలకి గుడ్డ కట్టుకుంది. బుగ్గలు కొంచెం పూడాయి. సంచాలకులు నిలబడే, నాశనం సక్రమంగా జరుగుతోందా అని అడిగారు.

"రోజూ రెండు సుక్కలు నాశనం సేస్తన్నాను బాబూ. ఎక్కడా వొలకనివ్వలేదు" అంది ఆమె. కూర్చోమని పీట జరిపి, లోపల అట్టు వేస్తున్నారు, ఒకటి తిని వెళ్ళండి అంది.

ఎవరి దగ్గరా కాఫీ తాగని మనిషి కూర్చున్నారు. కూర్మారావు వేసిన అట్టుని ఆమె నూరిన పచ్చడితో తిన్నారు. ఆమె కూడా తింది. ఆమె తింటున్నంతసేపూ ఆయన ఆమె చేతినీ, నోటినీ, గొంతు కదలడాన్నీ చూస్తూనే ఉన్నారు. కాటా ముల్లుని చూసే మనిషి చూపు అది. తనిఖీ పుస్తకంలో సంతృప్తికరం అని రాసి సంతకం చేశారు.

జీపు దగ్గరకు వచ్చాక డ్రైవరుని టీ తాగి రమ్మని పంపించారు. కాసేపు బానెట్ మీద దుమ్ము తుడుస్తూ నిలబడ్డారు.

"మా అక్కయ్య తునిలో ఉంటుంది. కీమో తరవాత ఐదు వారాలుగా గొంతులోకి ఏమీ దిగడం లేదు. అది పక్క జిల్లా. వాళ్ళ ఫ్రిజ్ నిండిపోయిందన్నారు మీరు" అన్నారు.

నిండిపోయిందని చెప్పాను.

"వాళ్ళకి నాశన సహాయకులు కావాలి కదా మరి" అన్నారు.

కావాలన్నాను. ఆయన జేబులోంచి కలం తీసి, తనిఖీ పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపి, బానెట్ మీద పెట్టుకుని అక్కయ్య పేరు, వయసు, చిరునామా రాశారు. హోదా దగ్గర చెయ్యి ఆగింది. చెప్పండి ముకుందం గారూ, మాట తప్పు పోకూడదు, అన్నారు. నేను నెమ్మదిగా చెబుతుంటే ఆయన అక్షరం అక్షరం రాసుకున్నారు. రాసింది ఒకసారి సరిచూసుకుని, కాగితం మడిచి నా జేబులో పెట్టారు.